రోగి ప్రక్కన కనిపెట్టుకొని యున్న సేవకురాలు – ఫ్లారెన్స్ నైటింగేల్



కోలారు గనుల ప్రాంతములో గాని, షోలాపురములో గాని, బరంపురములో గాని, చెన్నపట్నములో గాని, యానాములో గాని, మన తెలుగు బాప్టిస్టు కుటుంబములలో నర్సు ఉద్యోగము చేసినవారు ఒకరైనా లేని సంఘము అరుదు. నెల్లూరు, ఒంగోలు, పిఠాపురము మిషన్ ఆసుపత్రుల పేర్లు వినగానే ఆనాటి నర్సమ్మలను తలచుకొనే పెద్దలు మనలో ఇంకా ఉన్నారు. ప్రతి సంవత్సరము మే 12న లోకమంతటా నర్సుల దినము జరుపుతారు. అది ఫ్లారెన్స్ నైటింగేల్ అమ్మగారి పుట్టిన దినము. నర్సింగు స్కూలులో చేరిన పిల్లలు దీపములు వెలిగించి ప్రమాణము చేయుట కూడ ఆమె జ్ఞాపకార్థమే.

చేతిలో దీపముతో వార్డులలో నడచిన ఆమె బొమ్మ అందరికీ తెలుసు. అయితే ఆ దీపపు వెలుగులో ఆమె ఏమి చూచారు, చూచినది ఏమి చేసారు అనేది చాలమందికి తెలియదు. ఈనాడు పెద్ద ఆసుపత్రులలో రోగి మంచము దగ్గర మార్కులు వేసే చార్టు ఒకటి ఉంటుంది. రోగి పరిస్థితి విషమించకముందే డాక్టరును పిలిపించే చార్టు అది. దాని వేరు ఎక్కడ ఉన్నదని వెదికితే ఆమె జీవితములోనే కనబడుతుంది. అందుచేత ఈ సంచికలో మేము ఆమె జీవితమును ఆ వైపు నుండి చెప్పదలచాము.

బాల్యము, పిలుపు

ఫ్లారెన్స్ 1820 మే 12న ఇటలీ దేశములోని ఫ్లారెన్స్ నగరములో జన్మించారు. ఆ ఊరి పేరే ఆమెకు పెట్టారు. తలిదండ్రులు ఇంగ్లాండులోని సంపన్నులు. వేసవిలో ఒక బంగళా, చలికాలములో మరొక బంగళా, ఇంటినిండా పనివారు. అక్క పార్థినోపీ, ఈమె, ఇద్దరే పిల్లలు. తండ్రి విలియమ్ గారు కుమార్తెలిద్దరికీ తానే లాటిను, గ్రీకు, చరిత్ర నేర్పారు. చిన్న కుమార్తెకు లెక్కలంటే ప్రాణము. ఆ కాలములో ఆడపిల్లకు లెక్కలెందుకన్నది తల్లి అభిప్రాయము. అయినా ఆమె పట్టువిడువక నేర్చుకొన్నారు. ఆ లెక్కలే తరువాత వేలమంది ప్రాణములకు అక్కరకు వచ్చాయి.

1837 ఫిబ్రవరి 7న, పదహారేండ్ల వయస్సులో, దేవుడు తనను తన సేవకు పిలిచినట్లు ఆమె గ్రహించి వ్రాసి పెట్టుకొన్నారు. ఏ సేవకో అప్పటికి తెలియదు. తెలుసుకొనుటకు చాల సంవత్సరములు పట్టింది. చుట్టుప్రక్కల పల్లెలలోని బీదల ఇండ్లకు వెళ్ళి రోగులకు ఉపచారము చేయగా చేయగా, ఇదే తన పని అని ఆమె మనస్సు స్థిరపడింది.

1845లో సాలిస్‌బరీ ఆసుపత్రిలో కొన్ని నెలలు పని నేర్చుకొంటానని ఇంటిలో అడిగారు. తల్లి, అక్క భరించలేకపోయారు. ఆనాటి ఇంగ్లాండులో ఆసుపత్రి నర్సు అంటే చదువు లేనివారు, త్రాగుబోతులు అనే పేరుండేది. మంచి ఇంటి పిల్ల ఆ గడప త్రొక్కకూడదు. మన ఇండ్లలో కూడ ఒక తరము క్రిందట ఆడపిల్లను నర్సింగుకు పంపుటకు ఎంతమంది వెనుకాడారో పెద్దలకు తెలుసు. ఆమె చాల ఏండ్లు ఓర్చుకొన్నారు. ఉదయమే లేచి ఆసుపత్రుల నివేదికలు తెప్పించుకొని చదివి, వాటిలోని సంఖ్యలు నోటు పుస్తకములలో ఎక్కించుకొనేవారు. మంచి వివాహ సంబంధము వచ్చినా 1849లో కాదన్నారు.

జర్మనీలోని కైసర్స్‌వెర్త్ అనే ఊరిలో ఫ్లీడ్నర్ అనే లూథరన్ పాస్టరుగారు 1836లో డీకనెస్సుల ఆసుపత్రి స్థాపించారు. ఫ్లారెన్స్ 1850లో దానిని చూచి, 1851లో మూడు నెలలు అక్కడ ఉండి పని నేర్చుకొన్నారు. ఆమె పొందిన క్రమమైన శిక్షణ అంతే.

హార్లే వీధి గంట

1853 ఆగస్టులో లండనులోని హార్లే వీధిలో రోగులైన స్త్రీలకు నడుపుచున్న ఒక చిన్న ఆసుపత్రికి ఆమె సూపరింటెండెంటు అయ్యారు. తండ్రి ఏడాదికి 500 పౌండ్లు ఇచ్చి తోడ్పడ్డారు. అక్కడ ఆమె కమిటీవారిని మొదట అడిగిన వాటిలో రోగుల గంటలు ఒకటి. ప్రతి రోగి మంచము నుండి లాగే గంట నర్సు గది తలుపు దగ్గరే మ్రోగాలి. గంటకు ఒక మూత ఉండాలి. గంట మ్రోగగానే ఆ మూత తెరచుకొని అలాగే ఉండాలి. నర్సు వచ్చి చూచినప్పుడు ఏ రోగి పిలిచినదీ తెలియాలి. వేడి నీళ్ళు ప్రతి అంతస్తుకు గొట్టములలో రావాలని, భోజనము పైకి చేర్చుటకు లిఫ్టు కావాలని కూడ ఆమె కోరారు. నర్సు మెట్లు ఎక్కి దిగుటలోనే సమయము గడిపితే రోగిని ఎప్పుడు చూస్తుంది అన్నది ఆమె ఆలోచన.

ఇవి చిన్న సంగతులుగా కనబడవచ్చును. అయితే రోగి పిలుపు ఎవరి చెవికి చేరాలి, చేరినదని ఎలా తెలియాలి, పిలిచినది ఎవరో మరుగు కాకుండ ఎలా ఉండాలి అనే మూడు ప్రశ్నలు ఆ గంటలో ఉన్నాయి. ఆమె జీవితమంతా ఆ మూడు ప్రశ్నలకు జవాబు వెదకుటలోనే గడచింది.

స్కుటారి

1854లో ఇంగ్లాండు, ఫ్రాన్సు, తుర్కీ దేశములు కలిసి రష్యాతో క్రిమియాలో యుద్ధము చేసాయి. గాయపడిన సైనికులను ఓడలలో నల్ల సముద్రము దాటించి, ఇస్తాంబులు నగరము ఎదుట ఉన్న స్కుటారిలోని ఆసుపత్రికి తెచ్చేవారు. అక్కడి దురవస్థ వార్తాపత్రికలలో రాగా ఇంగ్లాండు ప్రజలు కలవరపడ్డారు. మంత్రి సిడ్నీ హెర్బర్టుగారు ఫ్లారెన్స్ గారికి పరిచయస్థులు. ఆయన కోరిక మీద ఆమె 38 మంది స్త్రీలను వెంటబెట్టుకొని 1854 అక్టోబరు 21న బయలుదేరి నవంబరు 4న స్కుటారి చేరారు. ఆ 38 మందిలో పదిమంది కాథలిక్ కన్యస్త్రీలు, 14 మంది ఆంగ్లికన్ సహోదరీలు, 14 మంది ఆసుపత్రులలో పని చేసిన నర్సులు. వేరు వేరు సంఘములవారిని ఒక్క పనికి కట్టి నడుపుట ఆమెకు సులువు కాలేదు.

ఆసుపత్రి పెద్ద సైనిక బారకాసు. నేల క్రింద మురుగు కాలువలు పూడిపోయి ఉన్నాయి. ఎలుకలు, పేలు. బట్టలు ఉతికేవారు లేరు. కలరా, టైఫస్ జ్వరము, రక్త విరేచనములు వార్డులంతా వ్యాపించాయి. గాయములవలన చనిపోయినవారికంటె రోగములవలన చనిపోయినవారే మిక్కిలి ఎక్కువ. ఆమె వెళ్ళిన తరువాత కూడ ఆ చలికాలమంతా మరణములు పెరిగాయేగాని తగ్గలేదు. ఈ సంగతి మనము దాచకూడదు. దీపము, దయ, శుభ్రమైన పక్కబట్టలు ఉన్నంత మాత్రమున ప్రాణములు దక్కలేదు. 1855 మార్చిలో ప్రభుత్వము పంపిన పారిశుద్ధ్య అధికారులు వచ్చి మురుగు కాలువలు కడిగించి, నీటి కాలువ బాగుచేయించి, గాలి వచ్చేటట్లు చేసిన తరువాతనే మరణములు వేగముగా తగ్గాయి.

రాత్రి పూట ఆమె వార్డులలో తిరిగిన మాట నిజమే. చేతిలోనిది బొమ్మలలో చూపే గ్రీకు దీపము కాదు, తుర్కీ దేశపు మడత లాంతరు. తిరిగి ఒక్కొక్కరిని చూచి, ఎవరికి ఏమి కావాలో కనుగొని, చనిపోయినవారి ఇండ్లకు తానే ఉత్తరములు వ్రాసేవారు. ఆ తిరుగుటలో ఆమెను బాధించిన సంగతి మరొకటి ఉన్నది. ఎంతమంది చనిపోయారనే లెక్కకు అక్కడ మూడు రిజిస్టర్లు ఉండేవి. ఒకదానికి మరొకటి సరిపోయేది కాదు. మనిషి ప్రాణము పోయినా ఆ పోయిన మాటైనా సరిగా వ్రాయబడలేదు. లెక్కలేని చోట తప్పు ఎక్కడ జరిగినదో ఎవరూ చూపలేరని ఆమె గ్రహించారు.

1855 మేలో క్రిమియాలో ఆమెకే తీవ్రమైన జ్వరము వచ్చి ప్రాణము మీదికి వచ్చింది. కోలుకొని, యుద్ధము ముగిసేవరకు ఉండి, 1856 ఆగస్టులో ఊరేగింపులు లేకుండ ఇంటికి చేరారు.

మంచము మీదనుండి చేసిన పని

ఆ జ్వరము ఆమెను పూర్తిగా విడువలేదు. 1857 నుండి చాల ఏండ్లు ఆమె గది దాటుట అరుదు, కొన్ని కాలములలో మంచము దిగుటే అరుదు. అయినా ఆమె చేసిన గొప్ప పని అంతా ఆ మంచము మీదనుండే జరిగింది. జనాభా లెక్కలలో నిపుణుడైన విలియమ్ ఫార్ గారితో కలిసి స్కుటారి మరణములను నెల నెలకు విడదీసి లెక్క కట్టారు. ఆ లెక్కను మంత్రులు, రాణిగారు ఒక్క చూపులో గ్రహించాలని చక్రము వంటి పటముగా గీయించారు. నివారింపదగిన రోగములకు నీలి రంగు, గాయములకు ఎరుపు, ఇతర కారణములకు నలుపు. నీలి రంగు పటమంతా ఆక్రమించింది. ఆ సైనికులు చావనవసరము లేదని ఆ పటము నోరు తెరవకుండ చెప్పింది. 1858లో లండనులోని స్టాటిస్టికల్ సొసైటీ ఆమెను సభ్యురాలిగా చేర్చుకొన్నది. ఆ సొసైటీలో మొదటి స్త్రీ ఆమెయే.

సూక్ష్మక్రిముల సంగతి అప్పటికి ఎవరికీ సరిగా తెలియదు. తెలిసిన తరువాత కూడ ఆమె దానిని వెంటనే ఒప్పుకొనలేదు. అయినా చూచి, లెక్కించి, వ్రాసే అలవాటు ఆమెను సరియైన దారిలోనే నడిపించింది.

చూచుట నేర్పిన పుస్తకము

1860 ఆరంభములో నర్సింగును గూర్చి ఆమె వ్రాసిన చిన్న పుస్తకము వెలువడింది. ఇది ఆసుపత్రి నర్సులకే వ్రాసినది కాదు. ఇంటిలో ఎప్పుడో ఒకప్పుడు రోగిని చూచుకొనే ప్రతి స్త్రీకి వ్రాసినది. దానిలో రోగిని పరిశీలించుటను గూర్చి ఒక అధ్యాయమున్నది.

రోగికి రాత్రి బాగా గడిచిందా అని అడుగుట వ్యర్థమని ఆమె చూపారు. పది గంటలు ఏకధాటిగా నిద్రపోకపోతే రాత్రి బాగా గడవలేదనే రోగి ఒకరు, మధ్య మధ్య కునుకు పట్టితే చాలు బాగానే గడిచిందనే రోగి మరొకరు. రాత్రిలో ఒక్కసారి మెలకువ వచ్చిన మనిషిని గూర్చి, అయిదు దినములు అయిదు రాత్రులు కన్ను మూయక చివరకు చనిపోయిన మనిషిని గూర్చి, ఒకే జవాబు చెప్పబడినట్లు ఆమె ఎరుగుదురు. కాబట్టి ఎన్ని గంటలు నిద్రపోయారు, ఏ గంటకు మెలకువ వచ్చింది అని అడగాలి. భోజనము చేసారా అని కాదు, పళ్ళెములో ఎంత మిగిలినదో చూడాలి. కొంచెము నయమే, నిన్నటివలెనే ఉన్నారు అని డాక్టరుకు చెప్పేది అభిప్రాయమే గాని సమాచారము కాదు. నర్సు తన అభిప్రాయమును కాక తాను చూచినదానిని చెప్పాలి. ఏ లక్షణము మేలుకు గుర్తు, ఏది కీడుకు గుర్తు, ఏది నిర్లక్ష్యమునకు గుర్తు అని ఎరుగుటే నర్సులకు నేర్పవలసిన ముఖ్య పాఠమని ఆమె ఉద్దేశము.

మరొక హెచ్చరిక కూడ అదే అధ్యాయములో ఉన్నది. లెక్కలను అంతగా ప్రేమించిన ఆమెయే, సరాసరి లెక్కలు చూచుకొని ఎదుట ఉన్న ఒక్క రోగిని శ్రద్ధగా చూచుట మానవద్దని హెచ్చరించారు.

1860లోనే లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేర నర్సుల శిక్షణ పాఠశాల తెరువబడింది. స్కుటారి సేవకు కృతజ్ఞతగా ప్రజలిచ్చిన నిధితో అది స్థాపించారు. అక్కడ చేరిన ప్రతి పిల్ల నేర్చుకొనవలసిన పనుల పట్టికలో రోగిని ఖచ్చితముగా పరిశీలించుట ఒకటి. ఏమేమి పరిశీలించాలో కూడ వ్రాసి ఇచ్చారు. నాడి, ఊపిరి, చర్మము, ఆకలి, నిద్ర, కఫము, తెలివి ఉన్నదా, సంధి మాటలా, మగతా, గాయము స్థితి, ఆహారమునకు మందులకు రోగి శరీరము ఎట్లు స్పందించినది. పాఠకులు ఈ పట్టికను జ్ఞాపకముంచుకొనాలి. మరల దాని దగ్గరకు వస్తాము.

మన దేశము, మన గోదావరి

ఆమె మన దేశమునకు ఎన్నడూ రాలేదు. అయినా దాదాపు నలుబది ఏండ్లు మన దేశమును గూర్చి పని చేసారు. ఇక్కడి ఇంగ్లీషు సైనికుల ఆరోగ్యమును గూర్చి నియమించిన రాయల్ కమిషను 1863లో నివేదిక ఇచ్చింది. దాని వెనుక చాకిరి చాలవరకు ఆమెదే. ప్రతి దండు నుండి ప్రశ్నలకు జవాబులు తెప్పించి చదివారు. ఏడాదికి వెయ్యిమంది సైనికులకు 69 మంది చనిపోవుచున్నారని ఆ నివేదిక చూపింది. మంచినీరు, మురుగు కాలువలు సైనికులకే కాక ఊళ్ళలోని ప్రజలకు కూడ కావాలని ఆమె గవర్నరులకు, వైస్రాయిలకు ఎడతెగక వ్రాసారు. 1866 నుండి 1872 వరకు మద్రాసు గవర్నరుగా ఉన్న నేపియర్ ప్రభువు యుద్ధ కాలమునుండే ఆమెను ఎరిగినవారు. 1871లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణ మొదలైనది.

ధవళేశ్వరము ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ గారిని గోదావరి ప్రజలు నేటికీ తలచుకొంటారు. ఆయనకు, ఈమెకు మధ్య ఉత్తరములు నడిచాయి. కాలువల నీరు ఉంటే కరవు చావులుండవన్న ఆయన వాదమును ఆమె లండనులో బలపరిచారు. 1876–78 నాటి గొప్ప కరవు మనకు మరపురానిది. ఆ కరవులోనే క్లౌగు దొరగారు బకింగ్‌హామ్ కాలువ పని కంట్రాక్టు తీసుకొని ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించారు. ఆ కరవు చివర 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ దినములలోనే లండనులో మంచము పట్టిన ఈ అమ్మగారు అదే కరవును గూర్చి, రైతు అప్పులను గూర్చి పత్రికలకు వ్రాసుచున్నారు.

వృద్ధాప్యములో ఆమె చూపు పోయింది. 1907లో రాజు ఆర్డర్ ఆఫ్ మెరిట్ అనే బిరుదు ఇచ్చారు. ఆ గౌరవము పొందిన మొదటి స్త్రీ ఆమె. 1910 ఆగస్టు 13న, తొంబదేండ్ల వయస్సులో, నిద్రలో ప్రభువు సన్నిధికి చేరారు. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో సమాధికి అవకాశమున్నా కుటుంబమువారు అంగీకరించలేదు. ఆమె కోరినట్లు సామాన్యముగా, ఈస్ట్ వెల్లో అనే పల్లెలో తలిదండ్రుల ప్రక్కన ఉంచారు. రాతి మీద పేరులోని రెండు పొడి అక్షరములు, పుట్టిన, గిట్టిన తేదీలు మాత్రమే ఉన్నాయి.

ఈనాటి మార్కుల చార్టు

ఆమె చూడమన్నవాటిని కొలుచుటకు సాధనములు తరువాత ఒక్కొక్కటి వచ్చాయి. చిన్న థర్మామీటరు 1860ల చివర, రక్తపోటు చూచే చేతిపట్టీ 1896లో, వ్రేలికి తగిలించి రక్తములోని ఆక్సిజన్ చూచే పద్ధతి 1974లో వచ్చాయి. కొలతలు పెరిగాయి. అయినా ఒక కష్టము మిగిలిపోయింది. అంకెలు చార్టులో ఉంటాయి, వాటిని కలిపి చూచి కీడు రాబోతున్నదని చెప్పేవారుండరు. 1990లో అమెరికాలో ప్రచురించిన ఒక పరిశీలనలో, ఆసుపత్రిలో ఉండగా గుండె ఆగిన 64 మందిని గూర్చి చూడగా, వారిలో 84 శాతము మందికి అంతకు ముందు ఎనిమిది గంటలలోనే స్థితి క్షీణించిన గుర్తులు కేసు షీటులో వ్రాసి ఉన్నాయి. గుర్తులు కనబడ్డాయి, వ్రాయబడ్డాయి. సమయమునకు సహాయము మాత్రము రాలేదు.

ఈ కష్టమునకు 1997లో ఇంగ్లాండులోని గ్రేట్ యార్మత్ పట్టణములోని జేమ్స్ పాజెట్ ఆసుపత్రి డాక్టర్లు ఒక సులభమైన ఉపాయము ప్రచురించారు. దానిని ఎర్లీ వార్నింగ్ స్కోరు అన్నారు, అనగా ముందుగా హెచ్చరించే మార్కులు. నాడి, రక్తపోటు, ఊపిరి, జ్వరము, తెలివి అనే అయిదింటికి మార్కులు వేసి కూడాలి. 2012లో లండనులోని రాయల్ కాలేజీ ఆఫ్ ఫిజిషియన్స్ దేశమంతటికీ ఒకే చార్టు తయారుచేసి, 2017లో దానిని సవరించారు. దానిలో ఆక్సిజన్ శాతము, రోగికి ఆక్సిజన్ పెట్టారా అనేవి కూడ చేరాయి. మన దేశములో కూడ కొన్ని ఆసుపత్రులు ఇటువంటి చార్టులు వాడుచున్నాయి. సెయింట్ థామస్ పాఠశాల పట్టికలోని నాడి, ఊపిరి, తెలివి ఇక్కడ మరల కనబడుట చూడండి.

దాని పని ఇది. మామూలుగా ఉంటే సున్న. మామూలుకు ఎంత దూరమైతే అంతగా 1, 2, 3 మార్కులు. ఇక్కడ మార్కులు పెరుగుట మంచిది కాదు. ఉదాహరణకు, ఆపరేషను అయిన రెండవ దినము ఒక రోగి సాయంకాలము నిమిషానికి 18 సార్లు ఊపిరి తీసుకొంటున్నాడు, నాడి 88, బీపీలో పై సంఖ్య 124, జ్వరము లేదు, ఆక్సిజన్ 96 శాతము, తెలివిగా మాటలాడుచున్నాడు. మార్కులు సున్న. అర్ధరాత్రి ఊపిరి 22, నాడి 98, బీపీ 108, జ్వరము ఫారన్‌హీటులో 100.8, ఆక్సిజన్ 95. వీటిలో ఏ ఒక్కటీ చూచినవారిని భయపెట్టదు. కొంచెము జ్వరమని, నొప్పిచేత నాడి పెరిగిందని సరిపెట్టుకొంటాము. కాని ఊపిరికి 2, మిగిలిన నాలుగింటికి ఒక్కొక్కటి, మొత్తము 6. అయిదు దాటకముందే, అనగా 5 వచ్చినప్పుడే, నర్సు డాక్టరును త్వరగా పిలవాలి, గంట గంటకు మరల కొలవాలి. 7 అయితే అత్యవసర బృందము పరుగెత్తి రావాలి. ఏ ఒక్కదానికైనా 3 వస్తే, మొత్తము తక్కువైనా డాక్టరుకు వెంటనే తెలియజేయాలి. ఈ చార్టు పదహారేండ్లు నిండినవారికే. చిన్నపిల్లలకు, గర్భిణీలకు వేరే చార్టులు ఉన్నాయి.

దీనివలన కొత్తగా చేరిన నర్సు పిల్లకు కూడ ధైర్యము కలుగుతుంది. రాత్రి రెండు గంటలకు పెద్ద డాక్టరును లేపుటకు ఆమె జంకనవసరము లేదు. తన అభిప్రాయము చెప్పుట లేదు, అంకె చెప్పుచున్నది. పిలవమని చార్టే చెప్పుచున్నది.

అయితే మార్కులు ఎవరినీ బాగుచేయవు. ఊపిరిని నిండు నిమిషము లెక్కపెట్టకుండ వార్డులోని అందరికీ ఒకే సంఖ్య వేస్తే చార్టు అబద్ధమాడుతుంది. పిలిచినా వచ్చేవారు లేకపోతే గంట మ్రోగి ఊరకున్నట్లే. మార్కులు తక్కువైనా రోగి ముఖము చూచి నర్సుకు అనుమానము కలిగితే పిలవవలసినదే అని ఆ చార్టు వ్రాసినవారే నియమించారు. సరాసరులు చూచి మనిషిని మరువవద్దన్న అమ్మగారి హెచ్చరిక ఇక్కడ కూడ నిలిచి ఉన్నది.

మన సంఘములకు

మనలో నర్సులు కానివారికి కూడ దీనిలో పని ఉన్నది. మన ఆసుపత్రులలో రోగి ప్రక్కన రాత్రంతా కూర్చొనేది సాధారణముగా ఇంటివారే. మనము పరభాషల మధ్య నివసించువారము. షోలాపురములో నర్సమ్మ మరాఠీలో, బరంపురములో ఒడియాలో, బెంగుళూరులో కన్నడములో అడుగుతారు. ఊరినుండి వచ్చిన పెద్దమ్మకు, తాతకు ఆ భాష రాకపోవచ్చును. నాయనకు ఏదోలా ఉన్నది అనే మాట మనకు తెలుగులో ఎంతో చెప్పుతుంది, వారికి ఏమీ చెప్పదు. కాని అంకెలు ఏ భాషలోనైనా ఒక్కటే. ఊపిరి నిమిషానికి ఎన్ని సార్లు, మూత్రము ఎన్ని గంటలుగా రాలేదు, ఏ గంటనుండి మగతగా ఉన్నారు, ఎప్పటినుండి మాట తడబడుచున్నది, చేతి గడియారము చూచి ఒక కాగితము మీద వ్రాసి చూపండి. ఒకసారి చెప్పినప్పుడు రాకపోతే, మర్యాదగానే మరల వెళ్ళి చెప్పండి.

సంఘ సందర్శనకు వెళ్ళే సహోదరులు ప్రార్థన చేసి వెంటనే లేచిపోక, ప్రక్కన కూర్చున్నవారు నిద్రపోయి ఎన్ని రాత్రులైనదో అడిగి, ఒక రాత్రి తామే కూర్చొనుట కూడ పరిచర్యయే. నర్సు డ్యూటీవలన ఆదివారపు ఆరాధనకు రాలేని మన కుమార్తెలను గూర్చి తప్పుగా తలంచకుందుము. వారు ఆ గంటలో ఎవరి ఊపిరి లెక్కపెట్టుచున్నారో దేవుడెరుగును.

గాయపడినవానిని చూచి ప్రక్కగా పోయిన ఇద్దరిని, చూచి దగ్గరకు వచ్చిన సమరయుని మనమందరము ఎరుగుదుము. చూచుటలో ముగ్గురికీ భేదము లేదు. దగ్గరకు వచ్చుటలోనే భేదమున్నది. ఫ్లారెన్స్ నైటింగేల్ అమ్మగారు తన దినములన్నిటిలో చేసినది, ఇతరులకు నేర్పినది అదే. మన ఆసుపత్రులలో రాత్రి డ్యూటీలలో ఉన్న సహోదరీ సహోదరులందరికీ ప్రభువు మెలకువగల కన్నులను, పిలుపునకు జవాబిచ్చే తోటివారిని అనుగ్రహించును గాక. ఆమేన్.